గడ్డి మీద గులాబీ కొంగలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో నాలుగు నెలలు ఉండి వచ్చాను. వాళ్ల ఎదురింటివారు ఇంటి ముందు పచ్చికలో రెండు గులాబీ రంగు ప్లాస్టిక్ కొంగలను పాతుకున్నారు. ఎందుకని అడిగితే, ‘చూసి నవ్వుకోవడానికేనండి అత్తయ్యగారూ’ అన్నారు మా అల్లుడుగారు. అంత ఖరీదైన ఇంటి ముందు నవ్వులాటకు బొమ్మలు పెట్టుకోవడమేమిటో నాకు బోధపడలేదు.
– ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: మీరు చూసినవి కొంగలు కావండి, శీతకాలంలో మన పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోల బొమ్మలు. మనవాళ్లు వాటిని రాజహంసలని రాస్తున్నారు గానీ, ఆ కాళ్లూ ఆ మెడా చూసినవారు కొంగ అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ బొమ్మను 1957లో డాన్ ఫెదర్‌స్టోన్ అనే శిల్పి రూపొందించారు. కళాశిక్షణ పొందిన ఆయన మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెమిన్‌స్టర్‌లో యూనియన్ ప్రొడక్ట్స్ అనే ప్లాస్టిక్ బొమ్మల కంపెనీలో ఉద్యోగానికి కుదిరారు. కొమ్ము దువ్వెనలకు పేరుపడి, తరవాత సెల్యులాయిడ్‌కూ ప్లాస్టిక్‌కూ మారిన ఊరది. అంతకుముందు బాతు బొమ్మ చేయవలసి వచ్చినప్పుడు ఆయన బతికున్న బాతునే కొని తెచ్చుకుని, దాన్ని ఎదురుగా ఉంచుకుని మలిచారు. ఆ చలి ప్రాంతంలో ఫ్లెమింగో ఎక్కడ దొరుకుతుంది? అందువల్ల నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలోని ఫొటోలతోనే సరిపెట్టుకున్నారు. ఒకటి తల ఎత్తి, మరొకటి మేతకు వంగి, ఎప్పుడూ జతగానే అమ్మేవారు. లోపల డొల్ల, కాళ్లకు బదులు రెండు ఇనుప చువ్వలు, పసుపు ముక్కుకు నల్లటి కొన. సియర్స్ కంపెనీ కేటలాగులో జత ఖరీదు 2 డాలర్ల 76 సెంట్లు.

ఆ ధరకు తగిన కొనుగోలుదారులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, ఇళ్లకు తిరిగి వచ్చిన సైనికుల కుటుంబాల కోసం నగరాల శివార్లలో కాలనీలు వెలిశాయి. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో ఒకే మూసలో 17,000కు పైగా ఇళ్లు లేచాయి. ఏ ఇల్లు ఎవరిదో గుర్తుపట్టడమే కష్టమైనచోట, మూడు డాలర్ల లోపు ఖర్చుతో ఇంటికొక ఆనవాలు దొరికింది. ఫ్లోరిడా సముద్రతీరానికి విహారానికి వెళ్లలేనివారికి ఆ తీరపు రంగు వాకిట్లోకి వచ్చింది.

అయితే ఈ కథలో అసలు విచిత్రమైనది ఫ్లెమింగో కాదనీ, దాని కింద ఉన్న గడ్డి అనీ నా అభిప్రాయం. మన గోదావరి పల్లెల్లో వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం. ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టాలి. మిగిలిన జాగాలో కరివేప, నిమ్మ, కొబ్బరి ఏదో ఒకటి కాపుకు రావాలి. తినడానికి గానీ పశువుకు వేయడానికి గానీ పనికిరాని గడ్డిని నీళ్లు పోసి, ఎరువు వేసి, వారంవారం కోయించి, దాని మీద కాలు పెట్టకుండా చూసుకునే చోట కంటికి ఏదో ఒకటి కావలసి వస్తుంది. ఆ ఖాళీని పూరించడానికి వచ్చిన సరుకే మీరు చూసిన జంట.

ఇక నవ్వు సంగతి. మొదట కొన్నవారు నిజంగా ముచ్చటపడే కొన్నారు. 1960ల చివరికి ప్రకృతి వైపు మొగ్గిన యువతరానికి ‘ప్లాస్టిక్’ అన్న మాటే తిట్టయిపోయింది, గులాబీ ఫ్లెమింగో చౌకబారుతనానికి గుర్తుగా మిగిలింది. ఆ తరవాత వెక్కిరించడానికే కొనేవారు తయారయ్యారు. 1979లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు తరగతులు మొదలయ్యే రోజున బాస్కమ్ హిల్ అనే గుట్ట మీద 1,008 ఫ్లెమింగోలను పాతారు; 2009లో ఆ విశ్వవిద్యాలయమున్న మాడిసన్ నగర పాలక మండలి ప్లాస్టిక్ ఫ్లెమింగోను నగర అధికారిక పక్షిగా ప్రకటించింది. ఫెదర్‌స్టోన్‌కు 1996లో ఇగ్ నోబెల్ బహుమతి, అంటే నోబెల్‌కు వెటకారపు తమ్ముడిలాంటిది, కళా విభాగంలో ఇచ్చారు. 2006లో ఫ్యాక్టరీ మూతపడినా అచ్చులు చేతులు మారి మళ్లీ పనిలోకి వచ్చాయి. ముచ్చటపడినవారికీ వెక్కిరించినవారికీ ఆ అచ్చులోంచే తీసి అమ్మిన ఈ నేర్పునే నేను అమెరికా వినిమయ సంస్కృతి అంటాను. మీ అమ్మాయి ఎదురింటివారు ఈ రెండు జాతుల్లో ఎవరో మీ అల్లుడుగారే చెప్పగలరు.

ప్రశ్న: మాది నర్సరీ. మా నాన్నగారి కాలం నుంచి సిమెంటు హంసలు, జింకలు చేయించి అమ్ముతున్నాం. ఈమధ్య కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ఫైబర్ ఫ్లెమింగోలు అడుగుతున్నారు. ఇవన్నీ ‘కిచ్’ అనీ, అభిరుచి లేనివాళ్లు కొనే సరుకనీ మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కడియపులంక

జవాబు: అది జర్మన్ భాష నుంచి వచ్చిన మాట, కళ పేరుతో చలామణీ అయ్యే చౌక సరుకును అలా అంటారు. అయితే ఏది చౌకబారో తేల్చేది వస్తువు కాదు, దాన్ని ఎవరు కొంటున్నారన్నదే. తోటల్లో పెట్టే ఎర్రటోపీ మరుగుజ్జు బొమ్మలను 1847లో చార్లెస్ ఇషామ్ అనే ఇంగ్లీషు జమీందారు జర్మనీ నుంచి తెప్పించి తన లాంపోర్ట్ హాల్ తోటలో అలంకరించుకున్నాడు. అప్పుడవి దొరల సరదా. తరవాత అవి సామాన్యుల తోటల్లోకి దిగిపోగానే, లండన్‌లోని చెల్సీ పూల ప్రదర్శనవారు అక్కడ మరుగుజ్జు బొమ్మలు కనబడరాదని నిషేధించారు. ఆ ప్రదర్శనకు నూరేళ్లు నిండిన 2013లో ఆ ఏడాది వరకు సడలించారు.

మీ హంసల సంగతి నాకు కొంత తెలుసు. మా ఇంటి గేటు పక్కన ఒకటి ఉంది. చువ్వ వంచి, కోడిగూళ్లకు వాడే వల చుట్టి, దాని మీద సిమెంటు మెత్తి, అంతా ఆరాక చివరగా కన్ను దిద్దిన పక్షి అది. ఇద్దరు పడితే గానీ కదలదు. రెండు వానాకాలాలు గడిచేసరికి రెక్కల సందుల్లో నాచు పట్టి, నేను కొన్నప్పటికంటే అందంగా తయారైంది. చేసిన మనిషి చేయి మెడ వంపులో ఇప్పటికీ తెలుస్తుంది. ఆ మాత్రం తేడా మీ అబ్బాయికి చూపించండి. పైగా మన డాబాల మీద సింహాలూ, గుమ్మడికాయలూ, దిష్టిబొమ్మలూ ఊరికే కూర్చోవు. ఎదుటివారి కంటి నుంచి ఇంటిని కాపాడే ఉద్యోగం వాటిది.

ఫ్లెమింగోలు అమ్మితే అమ్మండి గానీ, ఎండకు రంగు వెలిసిపోతుందని కొనేవారికి ముందే చెప్పండి. నిజం ఫ్లెమింగోకు ఆ గులాబీ వన్నె తిండి నుంచి వస్తుంది. బొమ్మకు మాత్రం మళ్లీ రంగు డబ్బా తెరవవలసిందే.

ప్రశ్న: అమెరికాలో మా తమ్ముడు ఇంటి ముందు తులసికోట పెట్టుకుంటే, అలంకార వస్తువులు తీసివేయమని కాలనీ సంఘంవారు ఉత్తరం పంపారట. వారికి ఆ హక్కు ఉంటుందా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: చాలా కాలనీల్లో ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడే సంఘం నిబంధనలకు కట్టుబడతామని ఒప్పుకున్నట్టు లెక్క. పచ్చిక ఎంత ఎత్తు పెరగవచ్చో, ముందు వైపు ఏం పెట్టకూడదో వాటిలో రాసి ఉంటుంది. వారి కంటికి తులసికోటా ప్లాస్టిక్ ఫ్లెమింగో ఒక్కటిగానే కనబడవచ్చు. జరిమానా దాకా రానివ్వకుండా, ఆ నిబంధనల ప్రతిని తెప్పించుకుని చదవమనండి. పూజకు సంబంధించినదని వివరిస్తూ సంఘానికి రాతపూర్వకంగా అనుమతి అడగవచ్చు. అది కుదరకపోతే వీధిలోకి కనబడని వెనక పెరట్లోకి మార్చుకోవచ్చు. అక్కడ పట్టింపులు సాధారణంగా ఇంత గట్టిగా ఉండవు.