మెలకువను ఆపే మాత్ర నాకు పనికొస్తుందా?

ప్రశ్న: నా వయసు 61. కాజీపేటలో ఉంటాం. లోకో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాను. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తుంది. నాలుగేళ్లుగా ఆల్ప్రజోలామ్ వేసుకుంటున్నాను. అలవాటు పడని కొత్త నిద్రమాత్ర వచ్చిందని ఒక మిత్రుడు చెప్పాడు. దానికి మారవచ్చా?

జవాబు: మారవచ్చేమో కానీ, ఈ రాత్రి అది మాని రేపటి నుంచి ఇది అన్నట్టు కాదు. నాలుగేళ్లు వాడిన ఆల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే వణుకు, ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. కొత్త మాత్రకు వాటిని ఆపే శక్తి లేదు. రెండూ పనిచేసే చోటు వేరు.

మీ మిత్రుడు చెప్పింది లెంబొరెక్సాంట్ వంటి మందు అయి ఉంటుంది. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒరెక్సిన్ అనే రసాయనం తయారవుతుంది. మనల్ని మేలుకొని ఉండేలా చేసేది అదే. 1998లో దీన్ని కనుగొన్నారు. దీన్ని తయారుచేసే కణాలు నశిస్తే నార్కోలెప్సీ వస్తుంది. మనిషి పట్టపగలు మాటల మధ్యలోనే నిద్రలోకి జారిపోతాడు. కొత్త మందులు ఒరెక్సిన్ అందుకునే గ్రాహకాలను మూస్తాయి. మీ భాషలో చెప్పాలంటే, ఆల్ప్రజోలామ్ బండికి బ్రేకు వేస్తుంది. ఇది సిగ్నల్‌ను పచ్చకు మారనివ్వదు.

అలవాటు పడే భయం వీటితో తక్కువే. అసలు లేదని మాత్రం అనలేను. అమెరికాలో వీటినీ నియంత్రిత మందుల జాబితాలోనే ఉంచారు. లెంబొరెక్సాంట్ ఒంట్లో చాలాసేపు ఉంటుంది కాబట్టి మర్నాడు మగతగా ఉండవచ్చు. స్కూటర్ తీసే ముందు ఆలోచించండి. కొందరికి పీడకలలు వస్తాయి, మెలకువ వచ్చినా కాసేపు చేయి కదపలేరు. ఏడు గంటలు పడుకునే వీలున్నప్పుడే, పక్క ఎక్కే ముందు వేసుకోవాలి. మద్యంతో అసలు కలపకూడదు. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు) వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంతకీ మీరు ఎన్నింటికి పడుకుంటున్నారో రాయలేదు. మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసి, రాత్రి ఎనిమిదిన్నరకే పక్క ఎక్కితే, రెండింటికల్లా ఏడున్నర గంటల నిద్ర అయిపోయినట్టే! రిటైరైనవారిలో ఇది తరచూ చూస్తుంటాను. అలాంటివారికి మాత్రకన్నా పడుకునే వేళను పదిన్నర, పదకొండుకు జరపడమే మేలు. మూత్రానికి లేస్తున్నారా? అయితే ప్రొస్టేట్, షుగర్ చూపించుకోండి. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా అని మీ శ్రీమతిని అడగండి. ఆగుతోందంటే ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లో గానీ మానసిక వైద్యులను కలవండి. ఆల్ప్రజోలామ్ మోతాదును కొన్ని వారాలు, అవసరమైతే నెలల పాటు మెల్లగా తగ్గిస్తారు. వెళ్లేటప్పుడు బీపీ మాత్రలతో సహా వాడుతున్న షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.