అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందా?

బెంగళూరు మారతహళ్ళిలో మీతో ఉంటున్న తమ్ముడికి మూడు వారాలుగా నిద్ర లేదని, సంబంధం తప్పిపోయాక "మీకందరికీ భారమైపోయాను" అంటున్నాడని రాశారు. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని మీ భయం.

అవ్వదండీ. ఈ రాత్రే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి. "చచ్చిపోవాలనిపిస్తోందా రా?" అని మామూలు గొంతుతో అడిగి, వాడు నోరు విప్పేదాకా ఆగండి. మధ్యలో ధైర్యం చెప్పకండి, అమ్మానాన్నల్ని గుర్తుచేయకండి.

నన్ను ఎక్కువ కంగారుపెట్టింది వాడు భారమయ్యాననుకోవడం. నాకెవరూ లేరు, నేను అందరికీ బరువు అనే రెండు భావాలూ కలిస్తే చావాలనే కోరిక బలపడుతుందని అమెరికన్ సైకాలజిస్టు థామస్ జాయినర్ 2005లో ప్రతిపాదించారు. నిద్రలేమిని కూడా తేలిగ్గా తీసుకోకండి. డిప్రెషన్‌ను పక్కనపెట్టి చూసినా, దానికీ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉందని చాలా అధ్యయనాల్లో తేలింది. ఇంట్లో మాత్రలేమైనా ఉంటే మీ దగ్గర పెట్టుకోండి.

అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి 14416లో ఫోన్ చేస్తే 24 గంటలూ, తెలుగులో కూడా మాట్లాడతారు. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో రాత్రిపూట కూడా ఎమర్జెన్సీ ఉంటుంది, క్యాబ్ ఎక్కించి తీసుకెళ్ళండి. లేదన్నా సరే, ఈ వారంలోనే డాక్టరుకి చూపించి, నిద్రలేమికి సీబీటీ-ఐ అనే మాటల చికిత్స గురించి అడగండి. మీ ఆఫీసుకి సెలవు పెట్టాల్సి వస్తే పెట్టేయండి. ఏమన్నాడో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.