అమెరికాను చూడని చేతులు చెక్కిన అమెరికా

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు అమెరికా వలసల చరిత్ర చెప్పడానికి పదహారో శతాబ్దపు యూరప్ ముద్రణ చిత్రాలు కొన్ని సేకరించాను. వాటిలో మూలవాసుల దేహాలు గ్రీకు శిల్పాల్లా కండలు తిరిగి కనిపిస్తున్నాయి. వీటిని గీసినవారు ఆ మనుషులను నిజంగా చూశారా? సాక్ష్యంగా పిల్లలకు చూపవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

జవాబు: మీ అనుమానం సరైనదే. మీరు వర్ణించిన తీరును బట్టి అవి థియోడోర్ డి బ్రై కార్యశాలలో తయారైన రాగిరేకు చిత్రాలు కావచ్చు. 1528లో లీజ్ నగరంలో పుట్టిన డి బ్రై వృత్తిరీత్యా స్వర్ణకారుడు. ప్రొటెస్టెంటు కావడం వల్ల సొంత ఊరు విడిచి, స్ట్రాస్‌బర్గ్, ఆంట్వెర్ప్, లండన్ నగరాల మీదుగా చివరికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాడు. 1590లో ఆయన మొదలుపెట్టిన అమెరికా యాత్రల సంపుటాలను ఆయన మరణించాక కొడుకులు, ఆ తర్వాత మాథ్యూస్ మేరియన్ కొనసాగించగా, 1634 వరకు ఆ పని సాగింది. డి బ్రై మాత్రం అట్లాంటిక్ సముద్రాన్ని ఒక్కసారి కూడా దాటలేదు.

అంతమాత్రాన అవన్నీ కల్పనలని కొట్టిపారేయకూడదు. అప్పట్లో వర్జీనియా అని పిలిచిన ప్రాంతం గురించిన మొదటి సంపుటానికి మూలమైన నీటిరంగు చిత్రాలను గీసిన జాన్ వైట్, 1585లో ఇంగ్లీషువారు రోనోక్ దీవిలో వలస ఏర్పరచినప్పుడు అక్కడికి వెళ్లి, ఇప్పటి ఉత్తర కరోలినా తీరంలోని అల్గాంకియన్ ప్రజలను కళ్లారా చూసినవాడు. ఆ చిత్రాలు నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి కాబట్టి, మూలానికీ ముద్రణకూ మధ్య ఏం మారిందో పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పాతకాలపు చిత్రాల విషయంలో ఇంతటి అదృష్టం తరచుగా దొరకదు.

అలా పోల్చినప్పుడు వస్త్రాలు, పచ్చబొట్లు, పాత్రలు, ఇళ్ల కట్టడం చాలావరకు మూలాన్ని అనుసరించాయని తెలుస్తుంది. మారినవి ముఖాలు, దేహాలు, నిలబడిన భంగిమలు. రాగిరేకుపై మొనదేలిన ఉలితో సన్నని గీతలు చెక్కి, ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితంపై అచ్చొత్తే ఈ పనిలో కండల ఎత్తుపల్లాలను వంకర గీతల వరుసలతో చూపడం ఆనాటి యూరప్ పనివారు ఇటలీ కళను చూసి నేర్చుకున్న విద్య. ఎదురుగా ఏ దేశపు మనిషి ఉన్నా వారి చేతికి అలవాటైన దేహమే రేకు మీదికి వచ్చింది. మీరు గమనించిన గ్రీకు పోలిక అక్కడిదే.

అయితే వైట్ చిత్రాన్ని కూడా ఛాయాచిత్రంలా చూడకూడదు. చేపలు పట్టే దృశ్యంలో ఆయన వెదురుదడిలాంటి కట్టును, ఈటెలతో పొడిచేవారిని, పడవలో మండే నిప్పును ఒకేచోట చూపాడు. నిప్పు వెలిగించేది రాత్రి వేటలో. మిగిలినది పగటి పని. తాను చూసిన వేర్వేరు సంగతులను ఒకే కాగితంపై కూర్చాడన్నమాట.

ఫ్లోరిడా సంపుటం (1591) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. దానికి మూలమని చెప్పే చిత్రాలు జాక్ లె మోయిన్‌వి. ఆయన 1564లో ఫ్రెంచివారి కరోలిన్ కోటకు వెళ్లి, మరుసటి ఏడు స్పానిష్ దాడి నుంచి తప్పించుకున్నాడు. 1588లో ఆయన మరణించాక చిత్రాలను డి బ్రై, లె మోయిన్ భార్య వద్ద కొన్నాడు. కానీ పోల్చుకోవడానికి ఆ మూలాలు మనకు మిగల్లేదు. పైగా ఫ్లోరిడా మూలవాసుల చేతుల్లో పసిఫిక్, హిందూ మహాసముద్రాల్లో దొరికే నాటిలస్ గవ్వలాంటి పాత్రలు కనిపిస్తాయి. బ్రెజిల్ సంపుటం (1592) దగ్గర, వీలైతే హాన్స్ స్టాడెన్ 1557 నాటి పుస్తకంలోని మోటు చెక్కఅచ్చు బొమ్మలను కూడా పిల్లలకు చూపండి. బ్రెజిల్‌లోని టుపినంబా ప్రజల చేతిలో బందీగా గడిపిన స్టాడెన్‌కు ఆ మోటు బొమ్మలే దగ్గరివి. డి బ్రై నాజూకు చిత్రాలు ఆ తర్వాతివి.

స్పానిష్ క్రూరత్వాన్ని చూపే చిత్రాలు వేరే కోవకు చెందుతాయి. ఆ క్రూరత్వం గురించి లాస్ కాసాస్ 1552లో స్పెయిన్‌లోని సెవిల్‌లో అచ్చువేయించిన పుస్తకానికి, 1598 ఫ్రాంక్‌ఫర్ట్ లాటిన్ ముద్రణలో 17 చిత్రాలు చేర్చారు. లాస్ కాసాస్ కరీబియన్ దీవుల్లో ఏళ్లతరబడి ఉన్న మతగురువు, స్పానిష్ జాతీయుడే. ఆయన రాసిన ఘోరాలను తేలిగ్గా తీసుకోవడం అన్యాయం. అయితే దృశ్యాన్ని ఊహించినది ఫ్రాంక్‌ఫర్ట్ కార్యశాల, కేథలిక్ స్పెయిన్‌పై ప్రొటెస్టెంట్ల ఆగ్రహం రగులుతున్న కాలంలో. కాబట్టి పిల్లల ముందు అక్షరాన్ని ఒక సాక్ష్యంగా, బొమ్మను మరొక సాక్ష్యంగా ఉంచండి.

వర్జీనియా సంపుటం చివర బ్రిటన్ పూర్వవాసులైన పిక్ట్‌ల బొమ్మలు కూడా ఉన్నాయి. ఒళ్లంతా రంగుల చిత్రాలతో, చేతిలో నరికిన తలతో నిలబడిన మనిషిని చూపి, ఒకప్పుడు బ్రిటన్‌వాసులు కూడా వర్జీనియావారంత అనాగరికులేనని ఆ పుస్తకం చెబుతుంది. ‘అనాగరికం’ అన్న ఆ మాట నన్ను బాధిస్తుంది. అయినా మూలవాసులను వేరే జాతి జీవులుగా కాక, తమ పూర్వీకుల పక్కన నిలిపిన ఆ పుటను తరగతిలో తప్పక చూపాలి.

ఒకే చిత్రానికి సమయం ఉంటే మొదటి సంపుటంలోని, పొమెయోక్ గ్రామపెద్ద భార్య, ఆమె కూతురు ఉన్న చిత్రాన్ని ఎంచుకోండి. తల్లి చేతిలో బుర్ర పాత్ర ఉంది. ఎనిమిది, పదేళ్ల ఆ పాప చేతిలో ఇంగ్లీషు దుస్తులు తొడిగిన ఆటబొమ్మ ఉంది. వైట్ గీసిన ఆ ఆటబొమ్మను డి బ్రై కూడా వదలకుండా చెక్కాడు.