పేస్‌మేకర్ ఉంది కదా, రెండు బీడీలకు ఏమవుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రెండుసార్లు స్పృహ తప్పి పడిపోతే, గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోందని, 'హార్ట్ బ్లాక్' అని చెప్పి మూడు నెలల క్రితం పేస్‌మేకర్ అమర్చారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ బీడీ ముట్టలేదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టారు. వద్దంటే, "బ్లాక్ పోయింది, ఇక మిషనే చూసుకుంటుంది, రోజుకు రెండే కదా" అంటున్నారు. ఆయనకు ఎలా నచ్చజెప్పాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఈ పొరపాటు మీ నాన్నగారు ఒక్కరిదే కాదు. 'బ్లాక్' అనే ఒకే మాటను మన ఇళ్లలో రెండు వేర్వేరు జబ్బులకు వాడుతున్నారు, వివరించి చెప్పే తీరిక వైద్యులకు చాలాసార్లు ఉండడం లేదు. గుండెకు రక్తం తెచ్చే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే అది ఒక బ్లాక్; దానికి మందులు, స్టెంటు, బైపాస్ ఉన్నాయి. మీ నాన్నగారికి వచ్చింది అది కాదు. గుండె పై గదిలో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరే దారి ఆయనలో దెబ్బతిన్నది. కింది గదులు తమంతట తాము మెల్లగా కొట్టుకోవడంతో మెదడుకు రక్తం చాలక పడిపోయారు. పేస్‌మేకర్ ఆ సంకేతాన్ని అందిస్తుంది, అంతే. రక్తనాళంలో పూడికను అది ఆపలేదు, గుండెపోటును అడ్డుకోలేదు.

పొగ పాడుచేసేది సరిగ్గా ఆ రక్తనాళాలనే. నికోటిన్ రక్తపోటును పెంచి గుండెకు పని పెంచుతుంది. అదే సమయంలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది కనుక, ఎక్కువ ఆక్సిజన్ కావలసిన వేళకే గుండెకు అది తక్కువగా అందుతుంది. నాళాల లోపలి పొర దెబ్బతినడం, రక్తం తేలికగా గడ్డకట్టడం ఇంకా ప్రమాదకరం. గుండెపోటు వచ్చేది చాలావరకు ఆ గడ్డ వల్లనే.

"రెండే కదా" అన్నదానికి కూడా జవాబుంది. రోజుకు ఒక్క సిగరెట్టు కాల్చినా, 20 కాల్చేవారికి అదనంగా వచ్చే గుండెజబ్బు ముప్పులో సగానికి దగ్గరగా ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. బీడీ ఇందుకు మినహాయింపు కాదు. తునికాకులో చుట్టిన బీడీ ఆరిపోకుండా ఉండాలంటే తరచుగా, గట్టిగా దమ్ము లాగాలి. మీ ప్రాంతంలో నిప్పును నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవారికీ ఇదే మాట చెప్పండి. అంగిలి క్యాన్సర్ గురించి వారికి చెప్పేవారున్నారు గానీ, గుండె గురించి చెప్పేవారు తక్కువ.

ఆయనతో పోట్లాడవద్దు. ఏళ్ల తరబడి పట్టిన నికోటిన్ అలవాటు మందలింపుతో పోదు. పొగాకు మానడానికి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356కు ఆయన చేతనే ఫోన్ చేయించండి. నికోటిన్ చూయింగ్ గమ్ గురించి గుండె వైద్యుణ్ణి అడగండి. పూర్తిగా మానేసిన ఏడాదికి అదనపు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని చెప్పండి. 68 ఏళ్ల వయసులో మానినా మేలు జరుగుతుంది.

ప్రశ్న: నాకు పేస్‌మేకర్ ఉంది. పొలంలో మోటారు వేయవచ్చా? సెల్‌ఫోన్, ఇండక్షన్ స్టవ్, తిరుమలలో తనిఖీ యంత్రాలు ప్రమాదమా?
– ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మోటారు వేయవచ్చు. నడుస్తున్న మోటారుకు చేయి చాచినంత దూరంలో ఉండండి. స్టార్టరు పెట్టెకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, తడి చేతులతో ముట్టుకోకండి. కరెంటు షాక్ అందరికీ ప్రమాదమే, మీకు మరింత. వెల్డింగ్ పని మాత్రం మీ వైద్యుణ్ణి అడగకుండా చేయవద్దు.

ఫోన్‌ను పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. చొక్కా పై జేబులో పెట్టుకోకండి, రెండో వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడండి. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించండి. అలిపిరి వంటి తనిఖీ కేంద్రాల్లో పేస్‌మేకర్ కార్డు చూపి, గేటు దగ్గర ఆగకుండా నడిచి వెళ్లండి. చేతి యంత్రాన్ని ఛాతీపై ఆనించి ఉంచవద్దని చెప్పండి. ఎమ్మారై తీయించే ముందు ఆ కార్డు తప్పక చూపాలి, ఎందుకంటే అన్ని పేస్‌మేకర్లూ దానికి అనువైనవి కావు.

బ్యాటరీ సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. అది తరిగిపోతున్న సంగతి ఆసుపత్రిలో చేసే పేస్‌మేకర్ తనిఖీల్లో ముందే తెలుస్తుంది కాబట్టి వాటిని ఎగ్గొట్టకండి. 1958లో స్వీడన్‌లో మొట్టమొదటిసారి శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నే లార్సన్‌కు ఆ తొలి యంత్రం కొన్ని గంటలే పనిచేసింది. ఆయన 20కి పైగా యంత్రాలు మార్చుకుని, 86 ఏళ్లు బతికి 2001లో కన్నుమూశారు.

ప్రశ్న: మనిషి పోయాక దహనానికి ముందు పేస్‌మేకర్ తీయాలంటారు, నిజమేనా? అది ఉంటే ప్రాణం పోవడం కష్టమవుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మొదటిది నిజం. మంట వేడికి బ్యాటరీ పేలవచ్చు, అందుచేత ఆసుపత్రిలో గానీ ఇంటి దగ్గర వైద్యుని చేత గానీ తీయించాలి. చర్మం కింద ఉంటుంది కనుక అది చిన్న పని. ఖననమైతే సాధారణంగా అవసరం లేదు. రెండో భయానికి ఆధారం లేదు. పేస్‌మేకర్ సంకేతం మాత్రమే పంపగలదు, శక్తి ఉడిగిన గుండె కండరం దానికి స్పందించదు, కాబట్టి మీవారి ఆఖరి ఘడియలను అది పొడిగించదు.