చరిత్ర నిజంగా చక్రంలా తిరుగుతుందా? మారతహళ్లి పీజీలో నేను చూసింది

అడిగిన ప్రశ్న ఇది: "1857లో ఒక పెద్ద కుదుపు, 1947లో ఇంకొకటి. మధ్యలో 90 ఏళ్లు. అమెరికాలో 80 ఏళ్లకోసారి అంటున్నారు. చరిత్ర చక్రాల సిద్ధాంతాల్లో నిజం ఉందా? ఆ లెక్కన 2037 ప్రాంతంలో మన దేశంలో అల్లకల్లోలం వస్తుందా?"

నేను తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చదివాను, తర్వాత బీఈడీ. డీఎస్సీ రెండుసార్లు, గ్రూప్-2 ఒకసారి రాశాను. పోస్టు రాలేదు. 2009లో బెంగళూరు వచ్చి మారతహళ్లిలో మగపిల్లల పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పెట్టాను. ఇరవై రెండు రూములు. ఉండేవాళ్లలో ఎక్కువమంది మన కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం జిల్లాల పిల్లలే. ఈ ప్రశ్నకు జవాబు నాకు సగం పుస్తకాల్లో దొరికింది, సగం మా డైనింగ్ హాల్లో దొరికింది.

ముందు సంవత్సరాల లెక్క సంగతి. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో గొడవ జరిగినప్పుడు మా పీజీలో ఒక అబ్బాయి, "అన్నా, ఇది విశ్వావసు నామ సంవత్సరం. 1965 కూడా విశ్వావసే. అప్పుడూ పాకిస్తాన్‌తో యుద్ధమే. అరవై ఏళ్ల చక్రం కరెక్టుగా తిరిగింది" అన్నాడు. మరి 1962, 1971, 1999 ఏ చక్రంలో పెడదాం అంటే జవాబు లేదు. నచ్చిన రెండు తేదీలు ఏరుకుని మధ్య దూరం కొలిస్తే ఎన్ని చక్రాలైనా తయారవుతాయి. 1857, 1947 లెక్క కూడా అలాంటిదే. అమెరికాలో విలియం స్ట్రాస్, నీల్ హోవ్ అనే ఇద్దరు రచయితలు 1990ల్లో చెప్పిన 80 ఏళ్ల లెక్కకు ఆధారం ముఖ్యంగా మూడు ఘట్టాలు: వాళ్ల స్వాతంత్ర్య యుద్ధం, 1861 అంతర్యుద్ధం, 1929 మాంద్యం నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా. మూడు ఘట్టాల మీద అంత పెద్ద సూత్రం నిలబెడితే నా మనసు ఒప్పుకోదు.

అలాగని చక్రాలన్నీ కొట్టిపారేసేవాణ్ణి కాదు. ట్యునీషియాలో పుట్టిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ 1377లోనే ఒక మాట చెప్పాడు. కష్టం కలిసి పంచుకున్నవాళ్ల మధ్య ఒక కట్టు ఉంటుంది, ఆయన దాన్ని అసబియా అన్నాడు. ఆ కట్టుతో రాజ్యం గెలుస్తారు. కొడుకు తండ్రి పడ్డ కష్టం కళ్లారా చూస్తాడు, మనవడికి అదీ ఉండదు. తరానికి నలభై ఏళ్లు, మూడు తరాలకు నూట ఇరవై, అక్కడితో వంశం పని అయిపోతుందని ఆయన లెక్క. మన విజయనగరంలో సంగమ వంశం 1336లో మొదలై 1485లో సాళువ నరసింహుడి చేతిలో పోయింది. ఇరవై ఏళ్లకే ఆ సాళువల సింహాసనం తుళువలకు వెళ్లింది. రెండుసార్లూ లాక్కున్నది సొంత కొలువులో ఎదిగిన సేనానుల కుటుంబాలే. ఇది గుర్తుపెట్టుకోండి. దెబ్బ ఎక్కువగా మెట్టు కింద నిలబడి ఎదురుచూస్తున్నవాడి నుంచి వస్తుంది.

నాకు బాగా పట్టుకున్నది పీటర్ టర్చిన్ మాట. ఆయన మొదట జంతువుల జనాభా పెరుగుదల, తరుగుదల లెక్కలు కట్టిన శాస్త్రవేత్త. అమెరికాలో 1870, 1920, 1970 ప్రాంతాల్లో అల్లర్లు ఎక్కువగా జరిగాయి కాబట్టి 2020 దగ్గర మళ్లీ గట్టి కుదుపు రావచ్చని 2010లోనే నేచర్ పత్రికకు రాశాడు. వచ్చింది, చూశాం. ఆ యాభై ఏళ్ల లెక్కను పక్కన పెట్టి, దాని కింద ఆయన చెప్పిన కారణం చూడండి. మామూలు జనం బతుకు బరువవుతుంది, ప్రభుత్వ ఖజానా ఖాళీ అవుతూ ఉంటుంది, అదే సమయంలో పెద్ద స్థానాలకు తయారైనవాళ్లు ఆ స్థానాల కంటే చాలా ఎక్కువమంది అయిపోతారు. కుర్చీలాట లాంటిదే, కానీ ఇక్కడ కుర్చీలు అన్నే ఉంటాయి, ఆడేవాళ్లు పెరుగుతూ పోతారు. సమాజం విరిగేది ఆ మూడోదాని దగ్గరే అని నా గట్టి నమ్మకం. నేను అది కళ్లతో చూశాను.

2024 ఫిబ్రవరి. మా 302వ రూము ఫోర్ షేరింగ్. నలుగురూ బీటెక్, నలుగురూ 2022 పాసౌట్. అందులో పీలేరు దగ్గర పల్లె అబ్బాయి ఒకడు. వాళ్ల నాన్న టమాటా రైతు. కాలేజీలో ఉండగానే ఆఫర్ లెటర్ వచ్చింది, ఊళ్లో స్వీట్లు పంచారు. జాయినింగ్ డేట్ మాత్రం పద్నాలుగు నెలలు రాలేదు. చివరికి ఆఫర్ రద్దయిందని రెండు లైన్ల మెయిల్ వచ్చింది. వాడు ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. నెలనెలా అమ్మ డబ్బు పంపుతుంటే, జీతం ఇంకా ప్రాసెస్‌లో ఉందని చెప్పేవాడు.

వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీలో ముప్పై పోస్టులకు వాక్-ఇన్ పడింది. నలుగురూ ఒకే ఉద్యోగానికి తయారయ్యారు. ఉన్నది ఒక్క ఇస్త్రీ పెట్టె. రాత్రి పదకొండు దాకా వంతులవారీగా చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు, ఒకడి చొక్కా ఇంకొకడు కూడా చేసిపెట్టాడు. తెల్లవారుజామున అయిదున్నరకు నా వ్యాన్‌లో తీసుకెళ్లాను. మేం వెళ్లేసరికే లైను కాంపౌండు గోడ మలుపు దాటి, టీ బండి దాటి, రోడ్డుకు అవతల దాకా వెళ్లిపోయింది. మా వెనకాల వచ్చి నిలబడిన ఆయనకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఎంటెక్, మొన్నటిదాకా ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. ఆయన కూడా ఫ్రెషర్ పోస్టుకే వచ్చాడు.

ఎనిమిదింటికి సెక్యూరిటీ వాళ్లు ఏసీ అట్టపెట్టె ఒకటి తెచ్చి గేటు ముందు పెట్టి, రెజ్యూమెలు అందులో వేసి వెళ్లమన్నారు. ఒక్కసారిగా అందరూ ముందుకు తోసుకున్నారు. పెట్టె చిరిగిపోయింది, కాగితాలు రోడ్డు మీద పడ్డాయి. వాటి మీదనుంచే నడిచారు. మా పీలేరు అబ్బాయి తనది వేయడం మానేసి కిందకు వంగాడు. చెప్పు అచ్చు పడ్డ రెజ్యూమె ఒకటి తీసి, చొక్కా చేత్తో దులిపి, గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టాడు. అది ఎవరిదో వాడికి తెలియదు. అలా ఏడో ఎనిమిదో పెట్టాడు. తొమ్మిదింబావుకు గేటు మూసేశారు.

ఆ రాత్రి డైనింగ్ హాల్లో పెద్ద గొడవ. మన సీట్లు ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టినవాళ్లు తిన్నారని ఒకడు. రిజర్వేషన్ అని ఒకడు. నార్త్ వాళ్లు వాళ్లవాళ్లనే పెట్టుకుంటారని ఇంకొకడు. నలుగురికి ముగ్గురు దోషులు దొరికారు. కంచాలు విసురుకునేదాకా వచ్చింది. ముప్పై కుర్చీలకు వేలమంది వచ్చారన్న మాట ఒక్కరి నోట రాలేదు. పీలేరు అబ్బాయి మజ్జిగన్నం కలుపుకుంటూ, "లైన్లో నా ముందు ఎంతమందో లెక్కపెట్టానన్నా, పదకొండు వందల దగ్గర ఆపేశాను" అన్నాడు.

అయిదు నెలలకు, జులైలో, ప్రైవేటు కంపెనీల్లో స్థానికులకు మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం ఇవ్వాలనే బిల్లుకు కర్ణాటక కేబినెట్ ఒప్పుకుంది. రోజుల్లోనే దాన్ని పక్కన పెట్టారు. కానీ ఆ రెండు మూడు రోజులు మా పీజీలో ఎవరికీ నిద్ర లేదు, అంత టెన్షన్. మా బిల్డింగ్ ఓనరు కొడుకు, కన్నడ అబ్బాయి, వాడూ ఇంజనీరే, వాడికీ ఉద్యోగం లేదు. ఇక్కడివాళ్లకు తెలుగు బాగానే వస్తుంది. "మా ఊళ్లో మాకే లేవు కదన్నా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు నిలబడిందీ అదే లైన్లో.

మన పిల్లలు బాధపడ్డారు సరే, మనం ఏమీ తక్కువ చేయలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. ఇంకా వెనక్కు వెళితే, 1952లో హైదరాబాదు వీధుల్లో "నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని విద్యార్థులు ఊరేగారు. ముల్కీ అంటే స్థానికుడు. పోలీసు చర్య తర్వాత బయటివాళ్లు బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పట్టేశారన్నది వాళ్ల కోపం. కాల్పుల్లో పిల్లలు చచ్చిపోయారు. ఆ బోగస్ సర్టిఫికెట్ల మాట చదివినప్పుడల్లా నాకు మా డైనింగ్ హాల్ గుర్తొస్తుంది. 1969లో మళ్లీ అదే, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే అటువైపు జై ఆంధ్ర. చివరి తెలంగాణ ఉద్యమ నినాదంలో నీళ్లు, నిధులు, నియామకాలు. మూడోది ఏమిటో చూడండి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరగడానికి వెనక కూడా మదరాసు ప్రభుత్వ ఉద్యోగాల్లో తెలుగువాళ్లు తక్కువన్న బాధ ఉంది. ఇదే మైసూరు రాజ్యంలో 1881 తర్వాత దివాన్లు, పెద్ద అధికారులు మదరాసు నుంచి వస్తున్నారని "మైసూరు మైసూరువాళ్లకే" అన్నారు. భాష, ఆత్మగౌరవం నిజమే, కాదనను. కానీ ప్రతి ఉద్యమం అడుగున ఒక కుర్చీల లెక్క ఉంది. ముల్కీ, నాన్ ముల్కీ అనే పాత మాటలు నేడు బెంగళూరులో వేరే పేర్లతో తిరుగుతున్నాయి.

చైనాలో దీని భయంకర రూపం చూశారు. హాంగ్ షియుచ్వాన్ పల్లెటూరి కుర్రాడు, తెలివైనవాడు. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలో నాలుగుసార్లు తప్పాడు. జనాభా బాగా పెరిగింది, పోస్టులు పెద్దగా పెరగలేదు. మూడోసారి తప్పాక మంచం పట్టాడు, ఏవో దర్శనాలు వచ్చాయి, కొన్నేళ్లకు తాను ఏసుక్రీస్తు తమ్ముణ్ణని నమ్మాడు. ఆయన నడిపిన తైపింగ్ తిరుగుబాటు 1850 నుంచి 1864 దాకా సాగింది, కనీసం రెండు కోట్లమంది పోయారని అంచనా. మొన్న మొన్న, 2024లో, బంగ్లాదేశ్‌లో గొడవ మొదలైంది విమోచన యోధుల వారసులకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 30 శాతం కోటా దగ్గరే. ఆగస్టు 5న ప్రధాని దేశం విడిచి వెళ్లిపోయింది. ఇవి యాభై ఏళ్లకో ఎనభై ఏళ్లకో వచ్చినవి కావు. లైను పొడుగైనప్పుడు వచ్చినవి.

కాబట్టి 2037 అని నేను చెప్పను. మన దగ్గర లైను ఎంత పొడుగుందో చూడమంటాను. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు, అభ్యర్థులు మూడు లక్షల పైచిలుకు. పదహారు వేలంటే పండగే, ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసినవాళ్లకు అన్నం పెట్టింది. మిగతా లక్షల మంది ఆ మర్నాడు ఎక్కడికి వెళ్లారో ఎవరైనా అడిగారా?

ఇంకో విషయం చెప్పకపోతే నిద్రపట్టదు. ఈ లైను పొడుగుతో బతికేవాళ్లు ఉన్నారు. మా వీధిలో ప్రతి కరెంటు స్తంభానికీ "వంద శాతం ప్లేస్‌మెంట్" బోర్డు. ఇన్‌స్టిట్యూట్ ఫీజు ముప్పై వేలు, నలభై వేలు. మూడు నెలల కోర్సు అయ్యాక ఫోన్ ఎత్తరు. కన్సల్టెన్సీ అని పెట్టుకున్న ఒకడు మా 208 రూము అబ్బాయి దగ్గర బ్యాక్‌డోర్ ఉద్యోగం పేరుతో లక్షన్నర తీసుకుని, ఆఫీసు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ డబ్బు ఆ అబ్బాయి అక్క గాజులు కుదువపెట్టి తెచ్చింది. పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో నిజం చెప్పే కాలేజీ నాకు ఇంతవరకు కనపడలేదు. కంపెనీలైనా ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడాది నానబెట్టకుండా, లేదంటే లేదని నెలలో చెప్పేయాలి. అబద్ధం కలిసినప్పుడే ఎదురుచూపు విషం అవుతుంది. హాంగ్‌కు కనీసం తాను తప్పానని నాలుగుసార్లూ గోడ మీద జాబితా చూసి తెలిసింది.

పీలేరు అబ్బాయి ఆ ఏడాది దసరాకు రూము ఖాళీ చేశాడు. ఇంట్లో నిజం చెప్పాడు. ఇప్పుడు మదనపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. ఆదివారం ఫోన్ చేసి, "అన్నా, ఓపెనింగ్స్ ఏమైనా ఉన్నాయా?" అంటాడు. పోయిన వారం ఉన్న మాట చెప్పాను. ఒక్క చోట రెండు పోస్టులు ఉన్నాయి, మన పీజీ నుంచే ఆరుగురు వెళుతున్నారు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాది కూడా పంపిస్తాను, ప్రింట్ తీసి వాళ్లతోపాటు ఇప్పించన్నా" అన్నాడు.