మెంకిస్ వ్యాధి: తొలి నాలుగు వారాల్లోనే ఇంజెక్షన్ మొదలవ్వాలి

ప్రశ్న: మా మొదటి బాబు 14 నెలల వయసులో చనిపోయాడు. మూడో నెల నుంచి ఫిట్స్ వచ్చేవి, మెడ నిలవలేదు, జుట్టు పాలిపోయి పీచులా ఉండేది. జన్యు పరీక్షలో మెంకిస్ వ్యాధి అని తేలింది. నా భార్యకు ఇప్పుడు ఏడో నెల. ఒంట్లో రాగి తగ్గడం వల్లే అన్నారని ఆమెకు రాగి చెంబులో నీళ్లు, రాగి జావ ఇస్తున్నాం. ఇది సరిపోతుందా? బిడ్డ పుట్టాక ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఒక బిడ్డను పోగొట్టుకున్న మీకు ముందుగా చెప్పాల్సింది, ఈసారి సిద్ధం కావడానికి టైముంది. రాగి జావలోని రాగులకూ, రాగి లోహానికీ పేరులోనే పోలిక. జావ తాగనివ్వండి, బలమే. కానీ జావతోనో, చెంబు నీళ్లతోనో ఈ వ్యాధి ఆగదు. లోపం తిండిలో లేదు. పేగు గోడలోకి చేరిన రాగిని రక్తంలోకి తోసే పంపు లాంటి ప్రోటీన్, అంటే ఏటీపీ7ఏ జన్యువు తయారుచేసేది, పనిచేయదు. రాగి పేగులోనే చిక్కుకుపోతుంది, మెదడుకు అందదు. పుట్టాక సిరప్ పోసినా ఇదే పరిస్థితి. అందుకే చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తారు.

ఇప్పుడే చేయాల్సింది: బాబు జన్యు రిపోర్టు వెతికి పెట్టుకోండి. అందులోని మార్పు మీ భార్యలో ఉందో లేదో రక్తపరీక్ష చేయించండి. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగాన్ని, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీని (జన్యు పరీక్షలు చేసే కేంద్ర సంస్థ) సంప్రదించవచ్చు. ఆమెలో ఉంటే పుట్టే ప్రతి మగబిడ్డకూ 50 శాతం ముప్పు. ఆడపిల్లలకు జబ్బు రావడం చాలా అరుదు, వాహకులు (జబ్బు లేకుండా ఆ మార్పును మోసేవాళ్లు) కావచ్చు. ఆమెలో లేకపోయినా ముప్పు పూర్తిగా పోయినట్టు కాదు, బిడ్డకు పరీక్ష చేయించాల్సిందే.

కాన్పు రోజునే బొడ్డుతాడు రక్తం ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) తీయించి, ఆ ఒక్క మార్పు కోసమే పరీక్షకు పంపండి. మొత్తం జన్యువును చదివించడం కన్నా ఇది త్వరగా తేలుతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. రక్తంలో రాగి, సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రోటీన్) చూసి ‘తక్కువగా ఉంది’ కాబట్టి జబ్బు ఉందనో, జుట్టు బాగుంది కాబట్టి లేదనో తేల్చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పసికందులకూ తొలి వారాల్లో ఆ రెండూ తక్కువే, మెంకిస్ బిడ్డకూ పుట్టినప్పుడు జుట్టు మామూలుగానే ఉండొచ్చు.

మందు పేరు కాపర్ హిస్టిడినేట్. అధ్యయనాల్లో ఇచ్చిన డోసు, అందులోని రాగి లెక్కన: ఏడాది నిండేదాకా ఉదయం 250, సాయంత్రం 250 మైక్రోగ్రాములు, ఆ తర్వాత మూడేళ్ల వరకు రోజుకు ఒకసారి 250. మిల్లీగ్రాములు కాదు, సిరంజి మార్కు నర్సు దగ్గర నేర్చుకోండి. ఇది వీధి చివరి మందుల షాపులో దొరకదు. విదేశం నుంచి తెప్పించాలంటే డాక్టర్ చీటీతో సీడీఎస్‌సీఓకు (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) ఫారం 12ఎ దరఖాస్తు పెట్టాలి. పుట్టాక మొదలుపెడితే వారాలు గడిచిపోతాయి కాబట్టి ఈ నెలలోనే మీ జెనెటిసిస్ట్‌తో (జన్యు వైద్యుడితో) మాట్లాడండి.

ఇంత తొందర ఎందుకంటే, 2008లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో 22 రోజుల్లోపు చికిత్స మొదలైన 12 మంది శిశువుల్లో సుమారు నాలుగున్నరేళ్లకు బతికి ఉన్నది 92 శాతం. ఆలస్యమైన పాత కేసుల్లో 13 శాతమే. అయితే ఆ పన్నెండు మందిలో నాడీ ఎదుగుదల మామూలుగా సాగింది ఇద్దరికే. జన్యువులో కొంచెమైనా పని మిగిలి ఉంటేనే మెదడుకు రాగి బాగా చేరుతుంది, ఎందుకంటే మెదడు వాకిట్లో ఉన్నదీ అదే పంపు. రిపోర్టులో జన్యువులో పెద్ద ముక్కే లేదని ఉంటే ఆశ తక్కువని మీకు ముందే చెప్పడం నా బాధ్యత.

ఇంజెక్షన్లు మొదలయ్యాక రక్తంలో రాగి, మూత్రపిండాల పనితీరు క్రమం తప్పకుండా చూడాలి. అదనపు రాగి మూత్రపిండాల్లో పేరుకుంటుంది, అందుకే ఎదుగుదల నెమ్మదిగా ఉందని డోసు మీరు పెంచకండి. మూత్రాశయానికి తిత్తులు రావడం, కీళ్లు వదులవడం చికిత్సలోనూ ఆగకపోవచ్చు. ఆ తిత్తుల వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు కాబట్టి జ్వరం వస్తే మూత్ర పరీక్ష చేయించండి.

‘రాగి జబ్బు’ అని వెతికితే ఎక్కువగా విల్సన్ వ్యాధి కనిపిస్తుంది. అందులో రాగి కాలేయంలో పేరుకుపోతుంది కాబట్టి జింక్ ఇస్తారు. జింక్ పేగులో రాగిని ఆపేస్తుంది, ఆ మందు మీ బిడ్డకు వాడకూడదు.

మీ భార్యలో మార్పు బయటపడితే ఆమె అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించండి. మార్పు ఉన్నవాళ్లకు గానీ, మీ భార్యకు మళ్లీ గానీ గర్భం వస్తే 11–12 వారాలప్పుడే మాయ నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డలో ఆ మార్పు ఉందేమో చూసుకోవచ్చు.