కిటికీ అద్దాలు కరెంటు ఇస్తాయంటే లోన్ పెంచుకోవచ్చా?

ప్రశ్న: సొంత ఇల్లు కట్టుకుంటున్నాం. కిటికీలన్నీ కలిపి 20 చదరపు మీటర్ల అద్దం పడుతుంది. పైకి కనబడని సోలార్ పూత ఉన్న గ్లాస్ వేయిస్తే కరెంటు బిల్లు దాదాపు ఉండదని అమ్మేవాళ్లు చెబుతున్నారు. ఖరీదు మాత్రం మామూలు గ్లాస్ కన్నా చాలా ఎక్కువ. హోమ్ లోన్ కొంచెం పెంచుకుని తీసుకోవచ్చా? ఇలాంటి గ్లాస్ తయారుచేసే కంపెనీల షేర్లు కూడా కొనమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: లోన్ పెంచకండి. షేర్ల సంగతి తర్వాత చూద్దాం, అది వేరే లెక్క.

ఈ గ్లాస్ మోసం కాదు, ముందు ఆ మాట చెప్పాలి. ఎండలో మన కంటికి కనిపించే వెలుగు ఒక భాగమే. దాదాపు సగం శక్తి కంటికి కనపడని పరారుణ కిరణాల్లో ఉంటుంది. కనిపించే వెలుగును లోపలికి వదిలేసి, మిగతాదాన్ని పట్టుకుని కరెంటుగా మార్చడమే ఈ పూత పని. అయితే మంచి వెలుగును వదిలేశాక కరెంటు తగ్గక తప్పదు. 2014లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు పూర్తి పారదర్శకంగా ఉండే పలకను చూపించినప్పుడు దాని సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారే భాగం, 1 శాతం లోపే. 2020లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ వాళ్లు 8.1 శాతం సాధించారు. కానీ ఆ అద్దం గుండా వచ్చే వెలుగు 43.3 శాతమే, అంటే రంగు అద్దం లాంటిది. కాబట్టి అమ్మేవాళ్లు సామర్థ్యం ఎంతో చెప్పగానే, అదే అద్దం ఎంత వెలుగు వదులుతుందో కూడా అడగండి. ఒక గ్లాస్ సామర్థ్యం, ఇంకో గ్లాస్ పారదర్శకత కలిపి చెప్పేస్తే మనకు తెలియదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నిండు ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. మీ గ్లాస్ సామర్థ్యం 5 శాతం అనుకుందాం. 20 చదరపు మీటర్లకు 1000 వాట్లు వస్తాయి, అదీ ఎండ అన్ని అద్దాల మీదా ఒకేసారి, తిన్నగా పడితే. అలా పడదు. ఇంటి ఒక వైపు ఎండ ఉంటే ఇంకో వైపు నీడ ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నిలువు అద్దం మీద ఎండ ఏటవాలుగా జారిపోతుంది. పైగా లోపలికి ఎండ రాకూడదనే కదా కిటికీ మీద సజ్జ వేయిస్తాం! ఆ సజ్జ నీడలో ఉన్న గ్లాస్ కరెంటు ఎక్కడి నుంచి ఇస్తుంది? 20 శాతం సామర్థ్యం ఉన్న మామూలు సోలార్ ప్యానెల్ అయితే అదే 1000 వాట్లకు పైకప్పు మీద 5 చదరపు మీటర్లు చాలు. సొంత ఇల్లు కాబట్టి పైకప్పు మీ చేతిలోనే ఉంది.

అమ్మేవాళ్ల కాగితంలో నేను చూడమనేది ముఖ్యంగా ఒకే చోటు. 'ఏడాదికి ఇంత ఆదా' అన్న అంకెలో ఏసీ వాడకం తగ్గడం వల్ల మిగిలేది ఎంత, గ్లాస్ తయారుచేసే కరెంటు ఎంత అని విడగొట్టి రాసివ్వమనండి. ఎందుకంటే వేడిని ఆపే పని మార్కెట్లో ఎప్పటినుంచో ఉన్న లో-ఇ గ్లాస్ కూడా చేస్తుంది. దాని మీద సాధారణంగా పల్చటి వెండి పొర ఉంటుంది, వెలుగును వదిలి వేడిని వెనక్కి కొడుతుంది. వైర్లు, సోలార్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఏమీ అక్కర్లేదు. ఉదాహరణకు, ఆదా 10 అని చూపిస్తే అందులో 7 ఏసీదే అయితే, ఆ 7లో చాలావరకు లో-ఇ గ్లాస్‌తోనూ వస్తుంది. మీరు అదనంగా కట్టే డబ్బంతా మిగిలిన 3 కోసమే. అందుకే పోల్చాల్సింది మామూలు గ్లాస్‌తో కాదు. లో-ఇ గ్లాస్, పైకప్పు మీద ప్యానెళ్లు, ఈ రెండూ కలిపితే ఎంత ఖర్చు, ఎంత ఆదా అన్నదానితో పోల్చాలి.

లోన్ ఎందుకు వద్దన్నానంటే, అదనపు ఖర్చు 100 అనుకోండి, ఏటా మిగిలేది 4 అనుకోండి. వడ్డీ లేకుండానే డబ్బు వెనక్కి రావడానికి 25 ఏళ్లు పడుతుంది. వడ్డీ 8 శాతం ఉంటే మొదటి ఏడాది వడ్డీయే 8, అంటే మిగిలే దానికి రెట్టింపు. మధ్యలో ఇన్వర్టర్ మార్చే ఖర్చు వేరు. రాయి తగిలి ఒక అద్దం పగిలితే సరిగ్గా అలాంటిదే తెప్పించాలి, అప్పటికి ఆ కంపెనీ ఉండాలి. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు, ఇదే పద్ధతిలో వేసి చూసుకోండి.

ఎత్తైన ఆఫీసు భవనం కట్టేవాళ్లు అడిగితే ఇంత గట్టిగా వద్దనను. వాళ్లకు పైకప్పు చిన్నది, నాలుగు వైపులా అద్దమే.

షేర్ల విషయానికి వస్తే, ల్యాబ్‌లో చిన్న ముక్క మీద వచ్చిన ఫలితానికీ, కిటికీ అంత పలకలు వేలకొద్దీ తయారుచేసి లాభానికి అమ్మడానికీ మధ్య చాలా దూరం ఉంది. అమ్మకాలు లేని కంపెనీ నడవాలంటే మళ్లీ మళ్లీ కొత్త షేర్లు అమ్ముకోవాలి, మీ వాటా పల్చబడుతూ పోతుంది. టెక్నాలజీ గెలిచినా మీరు కొన్న కంపెనీయే గెలవాలని లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకున్నారా? ఇల్లు కడుతున్నప్పుడు చాలామంది చేతిలో అదే ఉండదు. అది పూర్తయ్యాక కూడా ఆసక్తి ఉంటే, మొత్తం పొదుపులో 2, 3 శాతం మించకుండా, పూర్తిగా పోయినా టెన్షన్ పడనంత డబ్బే పెట్టండి. బావమరిదిగారు తన డబ్బు ఎంత పెట్టారో కూడా ఒకసారి అడగండి.

గోడలు ఇంకా పూర్తికాకపోతే ఒక చిన్న పని చేయించండి. కిటికీ ఫ్రేముల దాకా ఖాళీ వైరింగ్ పైపు వేయించి మూత పెట్టించండి. ఇప్పుడైతే దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. పదేళ్ల తర్వాత మంచి గ్లాస్ చౌకగా వస్తే గోడలు పగలగొట్టక్కర్లేదు.